తలసీమియా కుటుంబాల బతుకు లెక్క: హత్నూర నుంచి హైదరాబాద్ దాకా

తలసీమియా మేజర్‌తో పుట్టిన బిడ్డకు ఏడాది నిండేసరికి, కొందరికి రెండేళ్లలోపు, రక్తం ఎక్కించడం మొదలవుతుంది. ఆ తర్వాత అది ఆగదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఆస్పత్రికి వెళ్లాలి. సరిపడే రక్తం దొరకాలి. ఎక్కిన రక్తంతో పాటు ఒంట్లో పేరుకునే ఇనుమును రోజూ మందుతో బయటికి పంపాలి. వైద్యం సరిగా అందితే ఈ పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లి చేసుకుని పిల్లల్ని కంటారు. వందేళ్ల కిందట, 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ ఈ జబ్బును మొదటిసారి వర్ణించిన నాటికి అలాంటి ఆశే లేదు. ఇప్పుడు వైద్యం ఉంది. ఆ వైద్యానికి ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు నెల తప్పకుండా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే కుటుంబాల ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్నను సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నుంచి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి. 1960ల్లో బాలానగర్‌లో వెలసిన ఐడీపీఎల్ హైదరాబాద్‌కు మందుల తయారీ నేర్పింది. ఆ పరిశ్రమ క్రమంగా పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం మీదుగా విస్తరించి హత్నూర మండలానికి చేరింది. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత సంగారెడ్డి జిల్లాలో కలిసిన ఈ మండలంలో బోర్పట్ల, గుండ్లమాచనూరు గ్రామాల దగ్గర అరబిందో ఫార్మా వంటి కంపెనీల ముడి ఔషధాల యూనిట్లు ఉన్నాయి. వీటిలో పనిచేసేవారిలో పర్మినెంట్ ఉద్యోగులూ ఉన్నారు, కాంట్రాక్టరు కింద మూడు షిఫ్టుల్లో పనిచేసే స్థానికులూ ఉన్నారు, ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఒకే గేటు గుండా లోపలికి వెళ్లే ముగ్గురు కార్మికుల ఇళ్లలో ఒకే జబ్బు ఉన్న పిల్లలున్నా, ఆ మూడు ఇళ్లకూ దక్కే వైద్య రక్షణ ఒక్కలా ఉండదు.

జబ్బు, వారసత్వం

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేసే జన్యువు పదకొండో క్రోమోజోమ్‌పై ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి మనిషికీ ఆ జన్యువు రెండు ప్రతులు అందుతాయి. ఒకటి చెడినా రెండోది పని నడుపుతుంది. అలాంటివారిని వాహకులు అంటారు. కాస్త రక్తం తక్కువగా ఉండటం తప్ప వాళ్లకు ఏ బాధా ఉండదు, తాము వాహకులమన్న సంగతే చాలామందికి తెలియదు. ఇద్దరు వాహకులు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. ప్రతి కాన్పుకూ ఆ లెక్క కొత్తగానే మొదలవుతుంది.

దేశ జనాభాలో 3 నుంచి 4 శాతం మంది బీటా తలసీమియా వాహకులనీ, ఏటా 10,000 మందికి పైగా పిల్లలు మేజర్ రూపంతో పుడుతున్నారనీ అంచనా. తెలుగునాట మేనరికాలు ఎక్కువ. బావామరదళ్ల పెళ్లిలో దంపతులిద్దరికీ ఒకే తాత అవ్వల జన్యువులు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడలి పెళ్లిలో అది నాలుగో వంతు. మేనరికం జబ్బును పుట్టించదు. కుటుంబంలో దాగి ఉన్న చెడు ప్రతులు రెండూ ఒకచోట చేరే అవకాశాన్ని పెంచుతుంది. బంధుత్వం లేని సంబంధం చేసుకున్నా కులం లోపలే తరతరాలుగా పెళ్లిళ్లు జరుగుతుంటే ప్రమాదం పూర్తిగా పోదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన ముద్ర వాటిలో 81 సమూహాల్లో చాలా బలంగా ఉన్నట్టు తేలింది.

తెలంగాణ ఉత్తర, తూర్పు జిల్లాల గోండు, కోయ గూడేల్లో మరో రక్తవ్యాధి సికిల్ సెల్ కనిపిస్తుంది. మన దేశంలో దాన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు. అడపాదడపా విరుచుకుపడే నొప్పి ఆ రోగులను మంచానికి అంటిస్తుంది. హైడ్రాక్సీయూరియా అనే చవక మందు చాలామందికి పనిచేస్తుంది కాబట్టి అక్కడ మందు ఖర్చు కన్నా పోయిన పనిదినాల నష్టమే పెద్దది.

ఖర్చు ఎక్కడెక్కడ

తలసీమియా ఖర్చు అనగానే ముందుగా రక్తం ధర గుర్తొస్తుంది. నిజానికి రక్తానికి ధర లేదు. రక్తాన్ని అమ్మకూడదు, పరీక్షలకూ నిల్వకూ అయ్యే ప్రాసెసింగ్ ఛార్జీ మాత్రమే తీసుకోవాలి. జాతీయ రక్తమార్పిడి మండలి 2022లో ఎర్రకణాల యూనిట్‌కు ఆ ఛార్జీని ప్రభుత్వ బ్లడ్ బ్యాంకుల్లో రూ.1,100, ప్రైవేటులో రూ.1,550 మించరాదని నిర్ణయించింది. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా రోగుల నుంచి అదీ తీసుకోకూడదన్నది నిబంధన. బదులుగా దాతను తెమ్మని ఒత్తిడి చేయడానికీ వీల్లేదు. కాగితం మీద చూస్తే రక్తం ఉచితం.

కాగితం వదిలి కుటుంబం వెంట నడిస్తే లెక్క మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులిస్తారు, రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి, నిల్వలు అడుగంటుతాయి. ఆ రోజుల్లో పిల్లల తండ్రులు షిఫ్టు దిగి తోటి కార్మికులను బతిమాలుకోవాల్సి వస్తుంది. వచ్చిన దాతకు రానుపోను ఛార్జీ, భోజనం, పోయిన కూలి చూడాలి. రక్తంలోని తెల్లకణాలను వడకట్టే ఫిల్టర్ వాడితే జ్వరం, దద్దుర్లు తగ్గుతాయి. ప్రతిసారీ కొత్త ఫిల్టర్ కావాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ వైరస్‌లను తొలి రోజుల్లోనే పట్టే న్యాట్ పరీక్ష చేసిన రక్తం అన్నిచోట్లా దొరకదు. ఏళ్ల తరబడి వందల మంది దాతల రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఆ పరీక్ష ప్రాణావసరం.

ఇనుము కథ ఇంతకంటే పెద్దది. ఒక యూనిట్ ఎర్రకణాల్లో దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మనిషి ఒంటికి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి వదిలించుకునే దారి లేదు. నెలకు రెండు యూనిట్లు ఎక్కించుకునే రోగి ఒంట్లో ఏడాదికి దాదాపు అయిదు గ్రాముల ఇనుము అదనంగా చేరుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషి ఒంట్లో మొత్తంగా ఉండేదే మూడు నాలుగు గ్రాములు. ఈ ఇనుము గుండెలో, కాలేయంలో, క్లోమంలో, పిట్యూటరీ గ్రంథిలో పేరుకుంటుంది. ఎదుగుదల ఆగుతుంది, షుగర్ వస్తుంది, చివరికి గుండె దెబ్బతింటుంది. మందులు సరిగా అందని పిల్లల ప్రాణం తీసేది చాలాసార్లు రక్తహీనత కాదు, ఈ ఇనుమే.

దాన్ని బయటికి పంపే మందుల్లో మొదటిది డెఫెరాక్సమిన్. చర్మం కింద సూది గుచ్చి చిన్న పంపు ద్వారా ఎనిమిది నుంచి పన్నెండు గంటల పాటు, వారానికి అయిదారు రాత్రులు ఎక్కించాలి. పంపు కొనాలి, సూదులు కొనాలి, పిల్లవాణ్ని ఒప్పించాలి. 1990ల మధ్యలో మింగే మందు డెఫెరిప్రోన్‌ను సిప్లా భారత మార్కెట్‌లోకి తెచ్చింది. 2005లో అమెరికాలో అనుమతి పొందిన డెఫెరాసిరాక్స్‌ను రోజుకోసారి వేసుకుంటే చాలు. ఇప్పుడు దేశీ కంపెనీలూ దాన్ని తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. అయినా ఈ మందుల మోతాదు ఒంటి బరువును బట్టి ఉంటుంది. పది కిలోల పసివాడికి సరిపోయిన మాత్రలు నలభై కిలోల కుర్రవాడికి నాలుగింతలు కావాలి. జీతం నాలుగింతలు కాదు. డెఫెరిప్రోన్ వాడేవారిలో కొందరికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి కాబట్టి తరచూ రక్తపరీక్ష చేయించాలి. మూడు నెలలకోసారి ఫెర్రిటిన్, ఏడాదికోసారి థైరాయిడ్, షుగర్, హెపటైటిస్ పరీక్షలు ఉంటాయి. ఎనిమిది పదేళ్లు దాటాక గుండెలో, కాలేయంలో ఇనుము ఎంతుందో చూసే టీ2 స్టార్ ఎమ్మారై వీటికి తోడవుతుంది.

ఇక ఏ బిల్లులోనూ కనిపించని ఖర్చు ఒకటుంది. హత్నూర నుంచి జిల్లా కేంద్రం సంగారెడ్డి ముప్పై కిలోమీటర్లలోపే. అక్కడ 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. రక్తవ్యాధుల నిపుణులు, ఇనుము చూసే ఎమ్మారై, మందు మోతాదు సర్దే అనుభవం మాత్రం ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నాయి. రక్తం ఎక్కించే రోజుకు ముందే శాంపిల్ ఇచ్చి క్రాస్ మ్యాచ్ చేయించుకోవాల్సి వస్తే ఒక్కో విడతకు రెండు రోజులు పోతాయి. మూడు వారాలకోసారి చొప్పున ఏడాదికి 17 విడతలు, అంటే 34 రోజులు. రోజు కూలి రూ.500 అనుకుని లెక్కగడితే ఏడాదికి రూ.17,000 చేతికి రాకుండా పోతుంది. ఇరవై ఏళ్లకు అది మూడు లక్షల నలభై వేలు. ఇందులో బస్సు, ఆటో, హోటల్ భోజనం లేవు. షిఫ్టు మానేస్తే పోయే అటెండెన్స్ బోనస్, ఓటీ డబ్బులు లేవు. నెలలో రెండుసార్లు రానివాడిని కాంట్రాక్టరు వచ్చే నెల పిలవకపోతే పోయే ఉద్యోగం ఏ లెక్కకూ అందదు.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. తలసీమియా పిల్లల తల్లులకు ఇది నిజమైన ఊరట. ఎప్పుడూ తల్లే వెళ్తే ఎప్పుడూ తల్లి పనే పోతుందన్నది దీనికి మరో వైపు. ఇలాంటి ఇళ్లలో తల్లి మెల్లగా కూలి పని మానేసి బిడ్డకే అంకితమవుతుంది. రెండు సంపాదనల మీద నడవాల్సిన ఇల్లు ఒక్క సంపాదన మీద నడుస్తుంది. మిగిలింది చిట్టీ ఎత్తడం, చేబదులు, నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు. పుస్తెలతాడు బ్యాంకుకో సేటు దగ్గరికో వెళ్తుంది. ఆపరేషన్ కోసం చేసిన అప్పు ఏదో ఒకనాటికి తీరుతుంది. నెలనెలా అవసరపడే అప్పు తీరదు, పాతది కొంత తీరేలోపు కొత్తది చేరుతుంది.

ఈఎస్ఐ, ఆరోగ్యశ్రీ మధ్య

పారిశ్రామిక ప్రాంతంలో మొదటి రక్ష ఈఎస్ఐ. 1948 నాటి చట్టంతో మొదలైన ఈ పథకంలో 2019 జులై నుంచి యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లిస్తున్నారు. నెలకు రూ.18,000 జీతగాడి వాటా రూ.135. ఆ కొద్దిపాటి సొమ్ముతో కుటుంబమంతటికీ వైద్యం దొరుకుతుంది, ఖర్చుకు పైకప్పు పెట్టే ప్రైవేటు బీమా పాలసీల తీరు ఇక్కడ ఉండదు. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది, సనత్‌నగర్‌లో మెడికల్ కాలేజీతో పాటు సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది. గౌషర్ వంటి అరుదైన జన్యువ్యాధులున్న కార్మికుల పిల్లలకు ఏటా లక్షల ఖరీదు చేసే ఎంజైమ్ చికిత్సను కూడా ఈఎస్ఐ భరించిన సందర్భాలున్నాయి. దేశంలో పేద కార్మికుడికి అంత ఖరీదైన వైద్యం అందించిన వ్యవస్థలు అరుదు, ఆ గౌరవం దానికి దక్కాలి.

దీని బలహీనత ఉద్యోగంతో ముడిపడి ఉండటంలోనే ఉంది. జీతం నెలకు రూ.21,000 దాటితే అర్హత పోతుంది. 2017 జనవరిలో పెట్టిన ఈ హద్దు మారకుండా ఉండగా జీతాలు పెరుగుతూ వచ్చాయి. ఇంక్రిమెంటు పడి 21,500 వచ్చిన కార్మికుడు నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగిసే వరకు, అంటే సెప్టెంబర్ లేదా మార్చి చివరి వరకు మాత్రమే చందాదారుగా ఉంటాడు. ఆ తర్వాత కొద్ది నెలలకు వైద్య సేవ కూడా ముగుస్తుంది. అయిదు వందలు పెరిగిన జీతం వేల రూపాయల మందును ఇంటి మీద పడేస్తుంది. కాంట్రాక్టరు మారి చందా తెగిపోయినా ఇదే పరిస్థితి. సూపర్ స్పెషాలిటీ వైద్యానికి మామూలు వైద్యం కంటే ఎక్కువ సర్వీసు చూపాలి కాబట్టి పని వదిలి మళ్లీ చేరినవాడు మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. జీతాల పైమెట్టు కన్నా ఈ చందా తెగడమే కాంట్రాక్టు కార్మికులను ఎక్కువగా దెబ్బతీస్తుంది. జీవితాంతం ఉండే జబ్బుకు ఆరు నెలలకోసారి పుట్టి చచ్చే అర్హత సరిపోదు.

రెండో రక్ష ఆరోగ్యశ్రీ. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టిన ఈ పథకం పేదవాడిని మొదటిసారి కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కించింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న కుటుంబానికి ఏడాది పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. అయితే ఆరోగ్యశ్రీ పుట్టింది గుండె ఆపరేషన్, క్యాన్సర్, పెద్ద ప్రమాదాల వంటి ఒక్కసారి కూల్చేసే ఖర్చుల కోసం. ఆస్పత్రిలో చేరడం, ప్యాకేజీ, డిశ్చార్జి అనే చట్రంలో అది పనిచేస్తుంది. పొద్దున వచ్చి రక్తం ఎక్కించుకుని సాయంత్రం బస్సెక్కే రోగికి, రోజూ ఇంట్లో మాత్ర వేసుకునే రోగికి ఆ చట్రం బిగువు. పది లక్షల పరిమితి ఉన్నా ఇంట్లో వాడే మందుకు మందుల దుకాణంలో జేబులోంచే కట్టాల్సి వస్తే ఆ పది లక్షలు అక్కరకు రానట్టే. ఈఎస్ఐ వంటి పథకాల్లో ఉన్నవారిని మొదటి నుంచీ ఇందులో మినహాయించారు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కార్మికుడికి తెలంగాణ రేషన్ కార్డు ఉండదు, చందా తెగితే రెండు గడపల మధ్యా ఆగిపోతాడు.

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంత జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది మంచి మార్పే. దీర్ఘకాలిక జబ్బు ఉన్న ఇళ్లలో ఆ తగ్గుదల తెలియకపోవడానికి కారణం వాళ్ల ఖర్చు ఎక్కువగా ఆస్పత్రి మంచం బయట జరగడమే. ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీబీ సెక్షన్ తలసీమియా, హీమోఫీలియా చికిత్సకు రూ.40,000 వరకు మినహాయింపు ఇచ్చింది. అదీ పాత పన్ను విధానంలోనే. అసలు పన్ను కట్టేంత ఆదాయం లేని ఇంటికి ఆ సెక్షన్‌తో పని లేదు.

ఈ ఖాళీల్లో నిలబడినవి స్వచ్ఛంద సంస్థలు. 1998లో తలసీమియా పిల్లల తల్లిదండ్రులు, వైద్యులు, దాతలు కలిసి హైదరాబాద్‌లో ఏర్పాటు చేసిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ శివరాంపల్లిలో సొంత బ్లడ్ బ్యాంకు, డే కేర్ కేంద్రం నడుపుతూ వేల మంది రోగులకు ఉచితంగా రక్తం ఎక్కిస్తోంది. నిలోఫర్ వంటి ప్రభుత్వ ఆస్పత్రులు మరో ఆసరా. సంగారెడ్డి వైపు కుటుంబాలకు ఇవి దేవాలయాల్లాంటివే. అక్కడికి చేరడానికయ్యే ఖర్చు మాత్రం ప్రతి మూడు వారాలకూ అలాగే ఉంటుంది.

పొరుగు రాష్ట్రం పింఛను

ఆంధ్రప్రదేశ్ 2020లో వేరే దారి తొక్కింది. తలసీమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియా రోగులకు నెలకు రూ.10,000 పింఛను ప్రకటించింది. 2024లో ప్రభుత్వం మారి పథకం పేరు ఎన్టీఆర్ భరోసాగా మారినా ఆ మొత్తం కొనసాగింది. ఈ డబ్బు బిల్లుతో ముడిపడి లేదు. బస్సుకు పెట్టుకోవచ్చు, మాత్రలకు పెట్టుకోవచ్చు, తల్లి మానేసిన కూలికి బదులుగా ఇంట్లో బియ్యం కొనుక్కోవచ్చు. జన్యువ్యాధి ఇంటి బడ్జెట్‌ను ఎక్కడ కొరుకుతుందో సరిగ్గా గుర్తించిన విధానమిది. తెలంగాణలో దివ్యాంగుల పింఛనును 2023లో రూ.3,016 నుంచి రూ.4,016కు పెంచారు, 40 శాతం వైకల్యం ధ్రువీకరించుకోవడం దానికి షరతు. చేయి, కాలు బాగానే ఉండి, కిందటి వారమే రక్తం ఎక్కించుకుని చలాకీగా కనిపించే పిల్లవాడి వైకల్యాన్ని శాతాల్లో కొలవడం కష్టం. రెండు తెలుగు రాష్ట్రాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ జబ్బుకు శాతంతో పని లేకుండా రోగ నిర్ధారణ ఆధారంగానే నెలవారీ సాయం ఇవ్వడం సరైన పద్ధతి.

కోట్ల రూపాయల మందులు

తలసీమియాను శాశ్వతంగా నయం చేసే పద్ధతి ఎముక మజ్జ మార్పిడి. తోబుట్టువు మజ్జ సరిపోవాలి, ఒక్కో తోబుట్టువుతో ఆ అవకాశం నాలుగింట ఒకటే. చిన్న వయసులో, ఇనుము ఎక్కువగా చేరకముందే చేస్తే మంచి ఫలితం వస్తుంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఖర్చు పది లక్షల పైమాటే. కోల్ ఇండియా నిధులతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన పేద పిల్లలకు ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో రూ.10 లక్షల వరకు ఇస్తోంది. జన్యువును సరిదిద్దే చికిత్సలూ వచ్చాయి. అమెరికాలో 2022లో అనుమతి పొందిన జింటెగ్లో ధర 28 లక్షల డాలర్లు, తర్వాత వచ్చిన కాస్‌జెవీ ధర 22 లక్షల డాలర్లు. మన కుటుంబాలకు ఇవి వార్తలే తప్ప వైద్యం కాలేదు.

అరుదైన జబ్బుల జాతీయ విధానాన్ని కేంద్రం 2021 మార్చిలో తెచ్చింది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి దీని కింద ఒక ఉత్కృష్ట కేంద్రంగా పనిచేస్తున్నాయి. మొదట కొన్ని జబ్బులకే రూ.20 లక్షలు అన్నారు, 2022లో జాబితాలోని అన్ని వర్గాల జబ్బులకూ రూ.50 లక్షల దాకా పెంచారు. పది కిలోల బిడ్డకు కొన్ని జబ్బుల చికిత్స ఏడాదికి పది లక్షల నుంచి కోటికి పైగా అవుతుందనీ, వయసు, బరువు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుందనీ ఆ విధాన పత్రమే చెబుతుంది. ఎంజైమ్ చికిత్స మీద ఉన్న బిడ్డకు యాభై లక్షలు ఏడాదికో రెండేళ్లకో అయిపోతాయి. ఆ తర్వాత మందు ఆగితే, కోలుకున్న ఒళ్లు మళ్లీ వెనక్కి వెళ్తుంది. దాతల కోసం తెరిచిన ప్రభుత్వ పోర్టల్‌కు వచ్చిన విరాళాలు అవసరంతో పోలిస్తే స్వల్పం. 2021లో హైదరాబాద్‌లో వెన్నెముక కండరాల క్షీణత, అంటే ఎస్ఎంఏ, ఉన్న ఒక చిన్నారికి రూ.16 కోట్ల జోల్‌జెన్స్మా ఇంజెక్షన్ కోసం వేల మంది దాతలు ఆన్‌లైన్‌లో డబ్బు పోగుచేశారు. మనుషుల మంచితనానికి అది సాక్ష్యం. ఫోన్‌లో ఫోటో పెట్టడం తెలియని, పెట్టినా ఎవరూ చూడని బిడ్డలకు ఆ దారి లేదు.

ఇదే జబ్బుకు నోటి ద్వారా తీసుకునే రిస్డిప్లామ్ విషయంలో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మా ముఖ్యమైన మలుపు తెచ్చింది. రోష్ కంపెనీ ఎవ్రిస్డి పేరుతో అమ్మిన ఈ మందు సీసా ధర భారత్‌లో దాదాపు రూ.6.2 లక్షలు. నాట్కో జనరిక్‌ను ఆపాలని రోష్ వేసిన పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో తిరస్కరించింది. అక్టోబర్‌లో డివిజన్ బెంచ్ అదే చెప్పింది, సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. నాట్కో తన సీసా ధరను రూ.15,900గా ప్రకటించింది. ఇరవై కిలోలు దాటిన రోగికి రోజుకు అయిదు మిల్లీగ్రాములు కావాలి, సీసాలో ఉండేది అరవై. పన్నెండు రోజులకో సీసా చొప్పున ఏడాదికి ముప్పై సీసాలు. పాత ధరకు కోటీ ఎనభై ఆరు లక్షలైన ఏడాది మందు ఇప్పుడు నాలుగు లక్షల డెబ్బై ఏడు వేలకు వస్తుంది. ఇంత తగ్గినా నెలకు పద్దెనిమిది వేలు తెచ్చే కార్మికుడి ఏడాది జీతం రెండు లక్షల పదహారు వేలు, మందు ఖర్చు దానికి రెట్టింపు పైనే. ప్రభుత్వం కొని ఇవ్వగలిగే ధరకు మాత్రం అది దిగివచ్చింది. ఎస్ఎంఏ పిల్లల తల్లిదండ్రులకు ఈ తీర్పు ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రిస్డిప్లామ్, హీమోఫీలియాకు వాడే ఎమిసిజుమాబ్ సహా 33 ప్రాణాధార మందులపై జీఎస్టీ కూడా తీసేశారు.

ముందే తెలిస్తే

సైప్రస్ ద్వీపంలో ఏడుగురిలో ఒకరు తలసీమియా వాహకులు. 1970ల మొదట్లో అక్కడ వేసిన అంచనా ప్రభుత్వాన్ని కదిలించింది. నివారణ లేకుండా అందరికీ వైద్యం చేస్తూ పోతే నలభై ఏళ్లలో ఏటా 78,000 యూనిట్ల రక్తం కావాలి, జనాభాలో నలభై శాతం దాతలు కావాలి, ఖర్చు దేశ ఆరోగ్య బడ్జెట్ మొత్తాన్ని మింగేస్తుంది. పెళ్లికి ముందు పరీక్షకు చర్చి కూడా ముందుకొచ్చింది. మేజర్ పిల్లల పుట్టుక దాదాపు ఆగిపోయింది, అప్పటికే ఉన్న రోగులకు మంచి వైద్యం ఇవ్వడానికి డబ్బు మిగిలింది. 1997లో ఇరాన్ కూడా పెళ్లికి ముందు పరీక్షను దేశమంతటా పెట్టింది.

ఇక్కడ చేయాల్సిన పని పెద్ద యంత్రాలతో మొదలు కాదు. మామూలు రక్తపరీక్షలో ఎర్రకణం పరిమాణం 80 ఫెమ్టోలీటర్ల కన్నా తక్కువ ఉంటే అనుమానించాలి. నెస్ట్రాఫ్ట్ అనే గాజు గొట్టం పరీక్ష కొద్ది రూపాయల్లో అయిపోతుంది. ఆ తర్వాత హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హెచ్‌బీఏ2 3.5 శాతం దాటితే వాహకులని తేలుతుంది. గర్భిణి మొదటి తనిఖీలోనే ఈ పరీక్ష జరగాలి. ఆమె వాహకురాలైతే భర్తకూ చేయాలి. ఇద్దరూ వాహకులైతే పది పన్నెండు వారాల్లో పిండం నమూనా తీసి జన్యువును చూడవచ్చు, ఆ పరీక్ష చేసే సామర్థ్యం హైదరాబాద్‌లో ఉంది. తర్వాతి నిర్ణయం ఆ దంపతులది. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లే దశలో తెలిస్తే వారికి ఆలోచించుకునే సమయం ఉంటుంది, అయిదో నెల దాటాక తెలిస్తే ఉండదు. సికిల్ సెల్ కోసం కేంద్రం 2023 జులై 1న మొదలుపెట్టిన జాతీయ మిషన్ నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్న లక్ష్యం పెట్టుకుంది. అంత పట్టుదల తలసీమియాకూ కావాలి, ముఖ్యంగా జిల్లా ఆస్పత్రిలో.

పెద్దవాళ్లయ్యాక

ఒకప్పుడు తలసీమియా అంటే పిల్లల జబ్బు. మందులు మెరుగై ఆ పిల్లలు ఇప్పుడు ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లయ్యారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల జాబితాలో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియాలను చేర్చింది. ఉన్నత విద్యలో అయిదు శాతం రిజర్వేషన్ వారికి వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ పొందే వర్గాలను లెక్కించే 34వ సెక్షన్‌లో మాత్రం ఈ మూడు జబ్బుల పేర్లు లేవు. చదువుకు తలుపు తీసిన చట్టం ఉద్యోగం దగ్గర మూసేసింది, రోగుల సంఘాలు దీన్ని ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి.

ఈఎస్ఐలో తండ్రి పేరు మీద వైద్యం పొందే కొడుకుకు చదువుకుంటున్నంత కాలం 21 ఏళ్ల దాకా రక్షణ ఉంటుంది. సంపాదించలేని శారీరక స్థితి ఉందని నిరూపించుకుంటే ఆ తర్వాత కూడా ఉంటుంది. నిరూపించుకోవాలంటే తాను పని చేయలేనని చెప్పాలి, పని వెతుక్కోవాలంటే చేయగలనని చెప్పాలి. ఉద్యోగం దొరికి వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి ఈఎస్ఐ జీతం హద్దు రూ.25,000 దాకా ఉంది, ఈ వెసులుబాటు చాలామంది కార్మికులకు తెలియదు. ఫార్మా యూనిట్లలో చేరేటప్పుడు జరిగే వైద్య పరీక్షలో రక్తం తక్కువగా కనిపిస్తే వెనక్కి పంపడం మామూలే. బ్యాచ్ రికార్డులు రాయడం, నాణ్యత విభాగంలో నమూనాలు పరీక్షించడం, ప్యాకింగ్ లైన్ పర్యవేక్షణ వంటి పనులు మూడు వారాలకో రోజు సెలవిస్తే వాళ్లు చక్కగా చేయగలరు. బోర్పట్ల నుంచి పాశమైలారం దాకా అలాంటి కుర్చీలు వేలల్లో ఉన్నాయి, జీతంతో పాటు ఈఎస్ఐ కార్డు వారి సొంత పేరు మీదే వచ్చేది ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడే.